చిన్న ఆయిల్ కంపెనీ బావి టెస్ట్ రిజల్ట్ కోసం చూస్తున్నారా? ఈలోపు ఏం చేయాలి, వచ్చాక ఎలా చదవాలి

మీ దగ్గర ఒక చిన్న ఆయిల్ కంపెనీ షేర్లున్నాయి. ఆ కంపెనీ గుజరాత్‌లోనో అస్సాంలోనో ఒక అన్వేషణ బావి తవ్వింది. "అనుకున్న లోతుకి చేరాం, టెస్టింగ్ మొదలుపెడుతున్నాం" అని ఎక్స్ఛేంజీకి ఒక కాగితం పంపింది, ఆ తర్వాత చడీచప్పుడు లేదు. పొద్దున్నే మార్కెట్ తెరిచీ తెరవగానే ఫోన్ తీయడం, షేరు రెండు రూపాయలు పెరిగితే "రిజల్ట్ బాగొచ్చిందేమో, లోపలివాళ్ళు కొంటున్నారు" అనుకోవడం, మూడు రూపాయలు తగ్గితే "అయిపోయింది, బావి ఎండిపోయింది" అనుకోవడం. మన ఒడిశాలోని బరంపురంలో, పర్లాకిమిడిలో, రాయగడలో మనవాళ్ళు చాలామంది ఇదే టెన్షన్‌లో ఉండటం చూస్తున్నాను. వాళ్ళలో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత పెట్టినవాళ్ళున్నారు, పట్టుచీరల కొట్టు లాభంలోంచి పెట్టినవాళ్ళున్నారు. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను గట్టిగా చెప్పేది ఒకటే. రిజల్ట్ రాకముందే, ఏ అంకె వస్తే మీరేం చేస్తారో కాగితం మీద రాసిపెట్టుకోండి. వచ్చాక ఆలోచిద్దాం అనుకుంటే ఆ రోజు ధర ఊగే ఊపులో ఆలోచన సాగదు. మిగతా పనులన్నీ ఈ ఒక్క కాగితం సరిగ్గా రాయడానికే.

మొదట బావి వివరాలు ఒకచోట రాసుకోండి

కంపెనీ వార్షిక నివేదిక, గత ఏడాదిన్నరలో ఎక్స్ఛేంజీకి పంపిన ప్రకటనలు తీయండి. బావి పేరు, బ్లాక్ (తవ్వకానికి ప్రభుత్వం ఇచ్చిన ప్రాంతం) పేరు, ఏ రాష్ట్రం, నేల మీదా సముద్రంలోనా, ఆపరేటర్ (పనులు నడిపే కంపెనీ) ఎవరు, మీ కంపెనీ వాటా ఎంత. ఇవి తెలియకుండా షేరు పట్టుకుని కూర్చున్నవాళ్ళే ఎక్కువ. వాటా సంగతి అన్నిటికన్నా ముఖ్యం. ప్రకటనలో "రోజుకి 1000 బ్యారెళ్ళు" అని పెద్ద అక్షరాలతో వస్తుంది, కంపెనీ వాటా 20 శాతమైతే అందులో మీ కంపెనీకి చెందేది 200. ఆ 200లోంచి కూడా రాయల్టీ పోవాలి (కొత్త విధానాల్లో ఇచ్చిన నేల మీది బ్లాకుల్లో ముడిచమురుకి అది 12.5 శాతం), ఆపైన ఒప్పందం ప్రకారం ప్రభుత్వ వాటా పోవాలి. ఇంకా ఒకటి చూడండి: తవ్వే ఖర్చులో కంపెనీ తన వాటా మేరకే పెడుతోందా, లేక భాగస్వామి ఖర్చు కూడా తనే మోస్తోందా. మోస్తుంటే బావి ఎండితే దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది.

తర్వాత, బావి దగ్గర ఇప్పుడు ఏం జరుగుతోందో అర్థం చేసుకోండి

ఇది కొంచెం తెలిస్తే సగం ఆందోళన తగ్గుతుంది. కాబట్టి ఓపికగా చదవండి.

తవ్వుతున్నంతసేపూ బావిలోంచి బురద పైకి వస్తూ ఉంటుంది, దాంతోపాటు రాతి పొడి, కాస్త గ్యాస్. దాన్ని చూసి "షోస్ కనిపించాయి" అంటారు. షోస్ అంటే ఆ రాతిలో హైడ్రోకార్బన్ (చమురు, గ్యాస్) జాడ ఉందని మాత్రమే. తర్వాత కేబుల్ మీద పరికరాలు దించి లాగింగ్ చేస్తారు: రాతి రేడియోధార్మికత, విద్యుత్తుని ఎంత అడ్డుకుంటోంది, సాంద్రత ఎంత. ఉప్పునీళ్ళున్న రాయి విద్యుత్తుని తేలిగ్గా పోనిస్తుంది, చమురు ఉన్నది అడ్డుకుంటుంది. దీన్నిబట్టి ఫలానా లోతులో ఇన్ని మీటర్ల "నెట్ పే" (చమురు లేదా గ్యాస్ ఇవ్వగలదనుకునే రాతి మందం) ఉందని అంచనా వేస్తారు. ఇదీ అంచనాయే. రాతిలో చమురు ఉన్నా అది కదిలి బావిలోకి రావాలి కదా, అందుకే టెస్టింగ్.

టెస్టింగ్‌కి ముందు బావిలో ఉక్కు పైపు దించి చుట్టూ సిమెంటు పోస్తారు. ఎక్కడ ఆశ ఉందో అక్కడ పేలుడు గన్‌తో పైపుకి, సిమెంటుకి, వెనకున్న రాతికి రంధ్రాలు కొడతారు. దాన్ని పర్ఫొరేషన్ అంటారు. టెస్ట్ చేసే ఒక్కో పొరని మన దేశంలో ఆయిల్ రంగంవాళ్ళు "ఆబ్జెక్ట్" అంటారు, ఆబ్జెక్ట్-1, ఆబ్జెక్ట్-2 అని. సాధారణంగా కింద నుంచి పైకి వస్తారు. కిందది టెస్ట్ చేసి, దాన్ని ప్లగ్‌తో మూసి, పై పొరకి రంధ్రాలు కొడతారు. కాబట్టి "మొదటి ఆబ్జెక్ట్‌లో నీళ్ళు వచ్చాయట" అని విని గుండె జారవిడుచుకోకండి, ఇంకా మూడు పొరలు మిగిలి ఉండొచ్చు. అలాగే మొదటి ఆబ్జెక్ట్‌లో గ్యాస్ వచ్చిందని సంబరపడి అప్పు చేసి ఇంకొన్ని షేర్లు కొనకండి.

మరి ఇంత ఆలస్యం ఎందుకు? తవ్విన పెద్ద రిగ్‌ని రోజువారీ అద్దె భరించలేక పంపేసి, టెస్టింగ్‌కి చిన్న వర్క్‌ఓవర్ రిగ్ కోసం వేచి ఉండొచ్చు. చిన్న కంపెనీకి సొంత రిగ్ ఉండదు, వరసలో తన వంతు రావాలి. పర్ఫొరేషన్ గన్‌లో వాడేది పేలుడు పదార్థం, దాని రవాణాకి అనుమతులు కావాలి. అస్సాంలో వానలు మొదలైతే బావి దగ్గరికి లారీ వెళ్ళే దారే ఉండకపోవచ్చు. పొర గట్టిదైతే ఆసిడ్ పంపి, లేదా ఫ్రాక్చరింగ్ చేసి (ఒత్తిడితో ద్రవం పంపి రాతిని పగలగొట్టి), మళ్ళీ టెస్ట్ చేస్తారు. బావి దానంతటది ప్రవహించకపోతే నైట్రోజన్ పంపి లోపలి ద్రవాన్ని తేలికచేసి ప్రయత్నిస్తారు. ప్రవహించాక కూడా మొదట వచ్చేది తవ్వకంలో వాడిన బురదా ఉప్పునీళ్ళే, అది శుభ్రపడేదాకా ఆగాలి. ఆపైన నమూనాలు ల్యాబ్‌కి వెళ్ళాలి.

దీనికి ఈమధ్య జరిగినదే ఒక ఉదాహరణ ఉంది. 2025 సెప్టెంబర్‌లో అండమాన్ దగ్గర ఆయిల్ ఇండియా తవ్విన శ్రీవిజయపురం-2 బావిలో సహజవాయువు ఉందని కేంద్ర పెట్రోలియం మంత్రి ప్రకటించారు. 2212 నుంచి 2250 మీటర్ల మధ్య తొలి టెస్ట్ చేశారు, మంట ఆగి ఆగి వెలిగింది, నమూనాలను ఓడలో మన కాకినాడ తెచ్చి పరీక్షిస్తే 87 శాతం మీథేన్ అని తేలింది. అంత పెద్ద ప్రభుత్వ సంస్థకే నమూనా ఓడెక్కి రావాల్సి వచ్చింది. ఆ ప్రకటనలో ఇంకొకటి గమనించండి: గ్యాస్ "ఉంది" అన్నారు, రోజుకి ఎంత వస్తుందో చెప్పలేదు. ఎంత నిల్వ, వాణిజ్యపరంగా పనికొస్తుందా అన్నవి రాబోయే నెలల్లో తేలాలన్నారు. రిజల్ట్ అంటే ఒక్క రోజున వచ్చే ఒక్క ముక్క కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

అందుకని మౌనాన్ని చదవడం మానుకోండి. ఆలస్యమైతే చెడు అని గానీ, "ఇంకా టెస్ట్ చేస్తున్నారంటే ఏదో దొరికింది" అని గానీ తేల్చడానికి మీ దగ్గర ఆధారం ఏదీ లేదు.

వార్త ఎక్కడ చూడాలి, ఎక్కడ చూడకూడదు

బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్లలో కంపెనీ పేరు కొట్టి, కార్పొరేట్ అనౌన్స్‌మెంట్స్‌లోకి వెళ్ళండి. అసలు పీడీఎఫ్ అక్కడ ఉంటుంది. టీవీలో, యాప్‌లో వచ్చే ఒక లైను వార్త చదివి ఊరుకోవద్దు, పీడీఎఫ్ తెరిచి చివరి పేజీదాకా చదవాలి. బ్లాక్‌లో భాగస్వామి కంపెనీ కూడా లిస్టెడ్ అయితే దాని ప్రకటనలూ చూడండి, ఒక్కోసారి మీ కంపెనీ వదిలేసిన వివరం అక్కడ దొరుకుతుంది. రోజుకి రెండుసార్లు చూస్తే చాలు, పొద్దున్న మార్కెట్ తెరిచేముందు ఒకసారి, రాత్రి భోజనం అయ్యాక ఒకసారి. చాలా కంపెనీలు మార్కెట్ మూశాకే ఇలాంటివి పెడతాయి. మధ్యలో ఇరవైసార్లు చూసినా బావి తొందరపడదు.

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లిస్టింగ్ నిబంధనల్లో 30వ రెగ్యులేషన్ ప్రకారం, షేరు మీద ప్రభావం చూపే సంగతి కంపెనీ లోపల పుట్టినదైతే 12 గంటల్లోగా, బయటినుంచి వచ్చినదైతే 24 గంటల్లోగా, బోర్డు మీటింగ్‌లో నిర్ణయమైతే మీటింగ్ ముగిసిన 30 నిమిషాల్లోగా (మీటింగ్ మార్కెట్ మూశాక ముగిస్తే 3 గంటల్లోగా) చెప్పాలి. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. టెస్ట్ మధ్యలో ఉన్న అంకెల్ని "ఇంకా రిజల్ట్ కాదు" అని కంపెనీ అనుకోవచ్చు. గడియారం ఎప్పుడు మొదలైందో బయటివాళ్ళకి తెలియదు.

ఇక వాట్సాప్, టెలిగ్రామ్. మన గంజాం జిల్లానుంచి సూరత్, అంకలేశ్వర్ వైపు పనికి వెళ్ళినవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. అంకలేశ్వర్ 1960లో చమురు దొరికిన పాత క్షేత్రం, ఆ చుట్టుపక్కల రిగ్‌లు కనబడటం మామూలే. అందుకే మనవైపు ఒక రకం కబురు బాగా తిరుగుతుంది. "మా బావమరిది అక్కడే ఉన్నాడు మావయ్యా, రాత్రి బావి దగ్గర పెద్ద మంట చూశాడట, కన్‌ఫర్మ్." మంట కనిపించిందంటే కొంత గ్యాస్ పైకొచ్చి తగలబెట్టారని అర్థం, అంతకుమించి ఏమీ తెలియదు. ఆ మంట ఎంతసేపు ఉంది, వెనక ప్రెజర్ ఎంత, నీళ్ళు ఎన్ని వచ్చాయి అన్నది దూరంనుంచి చూసినవాడికి కనిపించదు. అసలు అది మీ కంపెనీ బావేనా అన్నది కూడా అనుమానమే. ఒకవేళ ఆ మనిషి నిజంగా రిగ్ మీద పనిచేస్తూ నిజంగా అంకెలే చెప్పాడనుకోండి, అప్పుడు ఇంకో సమస్య. బయటికి రాని సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం 2015 నాటి సెబీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల కింద నేరం, చెప్పినవాడికే కాదు, విని కొన్నవాడికి కూడా. పాపం ఆ కుర్రాడి ఉద్యోగం పోతుంది. అలాంటి మెసేజ్ వస్తే ముందుకి పంపకండి.

ఇప్పుడు కాగితం తీసుకోండి

ఒక పేజీ చాలు. పైన మీ దగ్గరున్న షేర్లు, సగటు కొనుగోలు ధర, ఈ కంపెనీలో ఉన్న మీ మొత్తం డబ్బు. దాని కింద మూడు గళ్ళు: ఎండిన బావి, దొరికింది కానీ చిన్నది, బాగా దొరికింది. ఒక్కో గడిలో ఏ అంకె వస్తే ఆ గడిలో పడుతుందో, అప్పుడు ఎన్ని అమ్ముతారో, ఎన్ని ఉంచుతారో రాయండి.

అంకె ఎలా తేల్చాలి? ఒక ఉదాహరణ లెక్క వేద్దాం, అంకెలన్నీ ఊహించుకున్నవే. బావి రోజుకి 300 బ్యారెళ్ళు ఇస్తుందనుకోండి, కంపెనీ వాటా 40 శాతం, అంటే 120 బ్యారెళ్ళు. బ్యారెల్ 70 డాలర్లు అనుకుంటే రోజుకి 8400 డాలర్లు, ఏడాదికి దాదాపు 30 లక్షల 66 వేల డాలర్లు. డాలర్ 85 రూపాయలు వేసుకుంటే 26 కోట్ల రూపాయలు. ఇది అమ్మకం మాత్రమే. ఇందులోంచి రాయల్టీ, ప్రభుత్వ వాటా, నడిపే ఖర్చు, పన్ను పోవాలి. పైగా ఏడాదంతా అదే 300 రాదు, బావి దిగుబడి నెలనెలా తగ్గుతూ పోతుంది. ఇప్పుడు కంపెనీ మార్కెట్ విలువ చూడండి. అది బావి వార్తకి ముందు 400 కోట్లు ఉండి, ఎదురుచూపుల్లోనే 800 కోట్లకి చేరిందనుకోండి, ఆ అదనపు 400 కోట్లకి ఈ ఒక్క బావి సరిపోతుందా? సరిపోకపోతే మంచి రిజల్ట్ ధరలో ముందే కలిసిపోయింది. మంచి రిజల్ట్ వచ్చిన రోజే షేరు పడిపోవడం చూసి మనవాళ్ళు "మోసం" అని అరుస్తారు, చాలాసార్లు జరిగేది ఇదే. మీ కంపెనీ అంకెలతో ఈ లెక్క మీరే వేయండి, సొంత చేత్తో.

ఇది రాశాక ఇంట్లో ఒకరికి చూపించండి. భార్యకో భర్తకో, పెద్దకొడుక్కో, ఎవరికైనా. డబ్బు ఎంత పెట్టారో ఇంట్లో తెలియకపోవడంవల్లే టెన్షన్ సగం పెరుగుతుంది, రాత్రిళ్ళు ఒక్కరే లోపల్లోపల కుమిలిపోతుంటారు. డీమ్యాట్‌లో నామినీ పేరు ఉందో లేదో కూడా పనిలోపనిగా చూసుకోండి.

డబ్బు గురించి ఒక గట్టి మాట

అన్వేషణ బావుల్లో ఎండిపోయేవే ఎక్కువ. కొత్త ప్రాంతంలో అయితే మరీను. కాబట్టి ఈ షేరులో ఉన్నది బంగారం కుదువపెట్టి తెచ్చిన డబ్బైతే, అమ్మాయి పెళ్ళికి దాచినదైతే, బ్రోకర్ దగ్గర మార్జిన్ మీద (అప్పుతో) కొన్నదైతే, రిజల్ట్ కోసం ఆగకండి. ఆ మేరకు ఇప్పుడే అమ్మేయండి, నష్టంలో ఉన్నా సరే. తర్వాత బావి పండిందని బాధపడాల్సి రావచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఎండిన బావి వార్త వచ్చిన మర్నాడు చిన్న షేరు లోయర్ సర్క్యూట్‌లో (ఒక రోజులో ధర పడగలిగే కింది హద్దులో) పడితే కొనేవాడు ఒక్కడూ ఉండడు. 5 శాతం సర్క్యూట్ ఉన్న షేరైతే రోజుకి 5 చొప్పున దిగుతూనే ఉంటుంది, మీ అమ్మకం ఆర్డర్ వరసలో అలా నిలబడే ఉంటుంది. స్టాప్‌లాస్ (ఫలానా ధరకి పడితే అమ్మేయమనే ఆర్డర్) పెట్టాను కదా అనుకోవద్దు, కొనేవాడు లేనప్పుడు స్టాప్‌లాస్ కూడా అమ్మలేదు. ఈలోపు కుదువ వడ్డీ మాత్రం ఆగదు.

మీ కంపెనీ సర్క్యూట్ 5 శాతమా, 10 శాతమా, 20 శాతమా, అది నిఘా జాబితాలో ఉందా అన్నది ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్లో షేరు పేజీలోనే ఉంటుంది. ఇప్పుడే చూసి కాగితం మీద రాసుకోండి.

రిజల్ట్ వచ్చింది. ఎలా చదవాలి?

ఇక్కడ నిదానం కావాలి. హెడ్డింగ్ వదిలేయండి, "ఎంతో ప్రోత్సాహకరం", "చరిత్రాత్మకం" లాంటి మాటలు వదిలేయండి. పెన్సిల్ తీసుకుని ఈ ప్రశ్నలకి జవాబులు వెతకండి.

ప్రవాహం ఎంత, ఏ చోక్ మీద? చోక్ అంటే బావి తలమీద ప్రవాహాన్ని అదుపు చేసే చిన్న రంధ్రం, దాని కొలత అంగుళంలో 64వ వంతుల్లో చెబుతారు. 32/64 అంటే అర అంగుళం. చోక్ పెద్దది చేసేకొద్దీ అంకె పెరుగుతుంది, ప్రెజర్ పడుతుంది. పెద్ద చోక్ మీద కాసేపు తీసిన అంకెని ప్రకటనలో ముందు పెట్టి, చోక్ సైజు చెప్పకపోతే అది సగం సమాచారమే. మంచి ప్రకటనలో రెండు మూడు చోక్‌ల మీద అంకెలు, ఒక్కోదానికి ట్యూబింగ్ (చమురు పైకొచ్చే లోపలి పైపు) తలదగ్గర ప్రెజర్ ఉంటాయి. చోక్ పెంచినా ప్రెజర్ పెద్దగా పడకపోతే బావికి ఊపిరుందని అర్థం.

ఎన్ని గంటలు? మన గంజాం వైపు ఇంట్లో బోరు వేయించినవాళ్ళకి ఇది వివరించి చెప్పక్కర్లేదు, రాయి పగిలిన మొదటి గంటలో నీళ్ళు ఎగజిమ్ముతాయి, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు, చైత్రం వచ్చేసరికి అదే బోరు అరగంటకే గాలి కక్కుతుంది. చమురు బావికి కూడా తొలి గంటల అంకె బావి చుట్టుపక్కల కొద్ది దూరం సంగతే చెబుతుంది. నాలుగు గంటల టెస్ట్‌కీ నాలుగు రోజుల టెస్ట్‌కీ చాలా తేడా ఉంది.

మూశాక ప్రెజర్ తిరిగి వచ్చిందా? ప్రవహింపజేశాక బావిని మూసి, లోపల ప్రెజర్ ఎలా పెరుగుతుందో కొలుస్తారు. బిల్డప్ అంటారు. అది మొదట్లో ఉన్న ప్రెజర్‌కి తిరిగి చేరకపోతే, కొంచెం తీసినందుకే నిల్వ తరిగిపోయిందేమో, అంటే పొర చిన్నదేమో అని అనుమానించాలి. చిన్న మదుపరులు దాదాపుగా పట్టించుకోని వివరం ఇది. నన్నడిగితే అన్నిటికన్నా విలువైనది ఇదే. ప్రకటనలో లేకపోతే ఇన్వెస్టర్ రిలేషన్స్ ఈమెయిల్‌కి మర్యాదగా రాసి అడగండి, షేర్‌హోల్డర్‌గా అడిగే హక్కు మీకుంది. జవాబిస్తే అందరికీ బయటపెట్టిన సమాచారమే ఇవ్వాలి, అది గుర్తుంచుకోండి.

నీళ్ళెంత? "500 బ్యారెళ్ళ ద్రవం" అని ఉంటే అందులో చమురు ఎంతో వెతకండి. ద్రవం అన్న మాట దగ్గర ఆగి రెండోసారి చదవాలి.

చమురు ఎలాంటిది? ఏపీఐ అంకె ఎక్కువైతే తేలిక చమురు, తక్కువైతే బరువు. మైనం ఎక్కువున్న చమురైతే చల్లబడగానే గడ్డకడుతుంది. రాజస్థాన్ బాడ్‌మేర్‌లో దొరికిన మంగళ చమురు అలాంటిదే, దాన్ని గుజరాత్ తీరందాకా తీసుకెళ్ళడానికి దారంతా వేడిచేసే పైప్‌లైన్ వేయాల్సొచ్చింది. చిన్న కంపెనీకి అలాంటి ఖర్చు తలకు మించినది.

"బీఓఈ" అని ఉందా? గ్యాస్‌ని చమురు లెక్కలోకి మార్చి చెప్పారన్నమాట. దాదాపు 6000 ఘనపుటడుగుల గ్యాస్‌ని ఒక బ్యారెల్‌గా లెక్కగడతారు. శక్తిలో అది సరే, ధరలో కాదు. గ్యాస్‌కి వచ్చే ధర వేరు, పైగా దగ్గర్లో పైప్‌లైన్ లేకపోతే ఆ గ్యాస్ అమ్మడానికే దారి ఉండదు.

నిల్వ గురించి ఏమన్నారు? ఇక్కడ "నేలలో ఉన్నది" వేరు, "బయటికి తీయగలిగేది" వేరు. చమురు అయితే ఉన్నదాంట్లో సుమారు మూడో వంతు తీయగలిగితేనే బాగా వచ్చినట్టు. మన తెలుగు తీరంలోనే దీనికి పాఠం ఉంది. 2005లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ, కృష్ణా గోదావరి బేసిన్‌లో కాకినాడ దాపున తన బ్లాక్‌లో 20 ట్రిలియన్ ఘనపుటడుగుల గ్యాస్ ఉందని చెప్పింది. దేశమంతా పండగ చేసుకుంది. ఆ బ్లాక్‌లోని దీన్‌దయాళ్ వెస్ట్ క్షేత్రానికి తర్వాత ఆమోదం పొందిన ప్రణాళికలో లెక్క 2 ట్రిలియన్ లోపుకి వచ్చింది. చివరికి 2017లో ఆ బ్లాక్‌లో 80 శాతం వాటాని ఓఎన్‌జీసీ కొనుక్కుంది. ప్రభుత్వ సంస్థ లెక్కే ఇంతలా మారినప్పుడు, ఒక్క బావి తవ్విన చిన్న కంపెనీ ఇచ్చే నిల్వ అంకెని ఎంత జాగ్రత్తగా తీసుకోవాలో మీరే ఆలోచించండి. ప్రకటనలో పీ90, పీ50, పీ10 అని మూడు అంకెలుంటే మొదటిది దాదాపు ఖాయంగా దాటేది, చివరిది అదృష్టం కలిసొస్తేనే వచ్చేది. హెడ్డింగ్‌లోకి ఎక్కేది తరచు చివరిదే. మీ లెక్కకి పీ50 తీసుకోండి, మనసుకి పీ90 చెప్పండి.

ఇవన్నీ రాసుకున్నాక మీ కాగితం పక్కన పెట్టి చూడండి, ఏ గడిలో పడింది? జవాబులు సగం లేకపోతే మధ్య గడిలో వేయండి, "బాగా దొరికింది" గడిలో కాదు.

ఆ రోజు ఆర్డర్ ఎలా పెట్టాలి

మార్కెట్ తెరిచిన మొదటి అరగంట ఏమీ చేయకండి. మార్కెట్ ఆర్డర్ (ఉన్న ధరకి అమ్మేయమనడం) అసలు వద్దు, లిమిట్ ఆర్డర్ (మీ ధర మీరే చెప్పడం) పెట్టండి. కాగితం మీద సగం అమ్మాలని ఉంటే సగమే అమ్మండి, ధర పెరుగుతోందని ఆపకండి, తగ్గుతోందని మొత్తం వదిలించుకోకండి. అప్పర్ సర్క్యూట్‌లో కొత్తగా కొనడానికి వరసలో నిలబడటం మాత్రం వద్దు. ఎవరైనా ఫోన్ చేసి "ఏంట్రా, ఇంకా అమ్మలేదా" అంటే "సాయంత్రం మాట్లాడతాను బాబాయ్" అని పెట్టేయండి, పెద్దవాళ్ళకి కూడా ఆ మాట చెప్పొచ్చు, తప్పేం లేదు.

మంచి రిజల్ట్ వచ్చాక ముందున్న దారి

దొరికింది. మరి డబ్బు ఎప్పుడు? ఇక్కడ చాలామంది లెక్క తప్పుతుంది. కంపెనీ ఆ సంగతి ఈ రంగాన్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ హైడ్రోకార్బన్స్‌కి తెలపాలి, నిల్వ ఎంతో తేల్చడానికి ఇంకొన్ని బావులు తవ్వాలి, వాణిజ్యపరంగా పనికొస్తుందని ప్రకటించాలి, అభివృద్ధి ప్రణాళిక ఆమోదం పొందాలి, అప్పుడు పైపులు, ట్యాంకులు. మంగళ క్షేత్రం 2004 జనవరిలో దొరికితే ఉత్పత్తి 2009 ఆగస్టులో మొదలైంది. రిలయన్స్ కేజీ-డీ6లో గ్యాస్ 2002లో దొరికింది, ఉత్పత్తి 2009 ఏప్రిల్‌లో. మన ఒడిశా తీరానికి ఎదురుగా ఎన్‌ఈసీ-25 బ్లాక్‌లో కూడా గ్యాస్ దొరికింది, ఏళ్ళు గడిచినా ఉత్పత్తిదాకా రాలేదు. నేల మీద, పాత క్షేత్రాల పక్కన తవ్విన చిన్న బావి ఇంతకన్నా త్వరగా రావచ్చు, పైప్‌లైన్ దగ్గర్లో ఉంటే లేదా చమురుని ట్యాంకర్లలో తోలగలిగితే. మీ బావి ఏ రకమో మొదట రాసుకున్న వివరాల్లో ఉంది, చూడండి.

ఈ ఖర్చంతటికీ చిన్న కంపెనీ దగ్గర డబ్బుండదు. కాబట్టి మంచి రిజల్ట్ వెనకే కొత్త షేర్ల జారీ వస్తుందని ముందే అనుకోండి. ప్రమోటర్లకో పెద్ద మదుపరులకో ప్రిఫరెన్షియల్‌గా (ఎంచుకున్నవాళ్ళకే) ఇస్తే మీ వాటా పలచబడుతుంది, ఏ ధరకి ఇస్తున్నారో చూడండి. రైట్స్ ఇష్యూ (ఉన్న షేర్‌హోల్డర్లకి కొత్త షేర్లు ఇవ్వజూపడం) అయితే మీకూ హక్కు వస్తుంది. ఆ హక్కు మీ డీమ్యాట్‌లో వేరే పేరుతో కనిపిస్తుంది, గడువులోగా డబ్బు కట్టి తీసుకోవాలి, వద్దనుకుంటే ఆ హక్కునే అమ్ముకోవాలి. ఏమీ చేయకుండా ఊరుకుంటే అది చెల్లకుండా పోతుంది. బ్రోకర్ ఈమెయిల్ ఇంగ్లీషులో వచ్చిందని తెరవకుండా వదిలేసి హక్కు పోగొట్టుకున్న పెద్దవాళ్ళు మన ఊళ్ళల్లో ఉన్నారు, మీ ఇంట్లో అలాంటివాళ్ళుంటే మీరే చదివి చెప్పండి.

బావి ఎండితే

అమ్మాలని కాగితం మీద రాసుకుంటే అమ్మండి. లిస్టెడ్ షేర్లలో వచ్చిన నష్టాన్ని ఇతర షేర్ల లాభంతో సర్దుకోవచ్చు (ఏడాదికి మించి ఉంచి అమ్మిన షేర్ల నష్టమైతే దీర్ఘకాలిక లాభంతో మాత్రమే), మిగిలింది 8 ఏళ్ళదాకా ముందుకి తీసుకెళ్ళొచ్చు, కాకపోతే ఆదాయపన్ను రిటర్న్ గడువులోగా వేసి ఉండాలి. మీ ఆడిటర్‌కి బ్రోకర్ స్టేట్‌మెంట్ ఇవ్వడం మరిచిపోకండి.

ఒక్కోసారి కంపెనీ ఎండిందని సూటిగా చెప్పదు. "బావిని తాత్కాలికంగా నిలిపి ఉంచాం, సమాచారాన్ని విశ్లేషిస్తున్నాం" అంటుంది, తర్వాత ఆ బావి పేరే వినిపించదు. అప్పుడు తర్వాతి త్రైమాసిక ఫలితాల పీడీఎఫ్ తెరిచి, ఖర్చుల పట్టికలో అన్వేషణ ఖర్చు రద్దు చేసిన లైను వెతకండి, దానికింద నోట్స్ కూడా చదవండి. బావికి పెట్టిన సొమ్ము ఆ లైన్లోకి వచ్చేసిందంటే, తన పుస్తకాల్లో దాన్ని ఆస్తిగా ఉంచుకోవడం కంపెనీయే మానేసింది. రాకుండా పనులు జరుగుతున్న ఆస్తుల్లోనే ఉంటే, అక్కడ ఎంతకాలంగా ఉందో చూపించే పట్టిక వార్షిక నివేదికలో ఉంటుంది, ఏడాది లోపా, మూడేళ్ళు దాటిందా అని. దాటితే ఏజీఎంలో (షేర్‌హోల్డర్ల వార్షిక సమావేశంలో) ఆ బావి పేరు పెట్టి అడగండి. ఇప్పుడు ఏజీఎంలు వీడియోలో కూడా జరుగుతున్నాయి. అలా జరిగితే ముంబయి వెళ్ళక్కర్లేదు, ముందుగా స్పీకర్‌గా పేరు నమోదు చేసుకుంటే బరంపురంలో ఇంట్లో కూర్చునే అడగొచ్చు.